‘నాట్’కు ముందా, వెనకా? భవిష్యత్తును చెప్పే ఇంగ్లీష్ రిలేటివ్ క్లాజుల్లో యాడ్‌వెర్బ్ చోటు

2024 డిసెంబర్ 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపుకు ఒక చిన్న గ్రహశకలం చిక్కింది. దానికి 2024 వైఆర్4 అని పేరు పెట్టారు. 2032 డిసెంబర్ 22న అది భూమిని ఢీకొట్టే సంభావ్యత 3.1 శాతమని 2025 ఫిబ్రవరి 18న నాసా లెక్క తేల్చింది. ఆ పరిమాణం, అంతకు మించిన పరిమాణం ఉన్న గ్రహశకలాల్లో నాసా అంత సంభావ్యతను అంతకుముందు ఎన్నడూ నమోదు చేయలేదు. మరో ఆరు రోజుల్లో కొత్త పరిశీలనలు వచ్చాయి, లెక్క 0.004 శాతానికి పడిపోయింది.

3.1 శాతం ఢీకొట్టవచ్చు అంటే 96.9 శాతం ఢీకొట్టదని. ఇంగ్లీషులో రాసేవారు ఈ సంగతిని ఒక చిన్న రిలేటివ్ క్లాజులో ఇమిడ్చేస్తారు: ‘యాన్ ఆస్టరాయిడ్ దట్ విల్ ప్రాబబ్లీ నాట్ హిట్ ఎర్త్’. ఇందులో 96.9 శాతం బరువంతా మోస్తున్నది ‘ప్రాబబ్లీ నాట్’ అనే రెండు మాటలే. అదే సంగతిని మరొకరు ‘దట్ కుడ్ పాసిబ్లీ హిట్ ఎర్త్’ అని రాయవచ్చు. అక్కడా భారం ‘కుడ్ పాసిబ్లీ’ మీదే ఉంటుంది. ఇదే వాక్యం తెలుగు శీర్షికగా మారేటప్పుడు ‘భూమిని ఢీకొట్టనున్న గ్రహశకలం’ అని రాసేయడం చాలా తేలిక. వ్యాకరణంలో తప్పు లేదు, చదవడానికి బాగుంది. కానీ 3.1 శాతం కాస్తా 100 శాతం అయింది.

ఇది కేవలం తొందరపాటు కాదు. రెండు భాషలూ సందేహాన్ని పెట్టుకునే చోట్లు వేరు. ఆ చోటు ఏదో తెలియకపోతే పరిశోధన పత్రం చదివే విద్యార్థి గానీ, సైన్సు వార్త అనువదించే విలేకరి గానీ అంకెలన్నీ సరిగ్గా రాసి కూడా తప్పు చెప్పే ప్రమాదం ఉంది.

‘విల్’ పక్క సీటు

ఒక నామవాచకాన్ని వర్ణించడానికి ‘హూ’, ‘విచ్’, ‘దట్’ లాంటి మాటలతో మొదలై దాని వెనక వచ్చి చేరే ఉపవాక్యమే రిలేటివ్ క్లాజ్. క్రియ ఎప్పుడు, ఎలా, ఎంత నమ్మకంగా జరుగుతుందో చెప్పే మాట యాడ్‌వెర్బ్, అంటే క్రియా విశేషణం. క్లాజ్ భవిష్యత్తు గురించి అయితే అందులో సాధారణంగా ‘విల్’ అనే సహాయక క్రియ ఉంటుంది. ‘ప్రాబబ్లీ’, ‘సూన్’, ‘ఈవెంచువల్లీ’, ‘సర్టెన్‌లీ’ వంటి యాడ్‌వెర్బులకు అలవాటైన చోటు ఆ ‘విల్’కు వెనువెంటనే ఉండే సీటు.

1977లో బయలుదేరిన వాయేజర్ 1 వ్యోమనౌకనే చూడండి. మరో 40,000 ఏళ్లకు అది గ్లీజ్ 445 అనే నక్షత్రానికి రెండు కాంతి సంవత్సరాల లోపు దూరంలో వెళ్తుంది. ‘ఎ స్పేస్‌క్రాఫ్ట్ దట్ విల్ ఈవెంచువల్లీ పాస్ అనదర్ స్టార్’ అంటే సరిపోతుంది. ‘దట్ విల్ పాస్ ఈవెంచువల్లీ అనదర్ స్టార్’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. క్రియకూ దాని కర్మకూ మధ్య ఎవరూ దూరకూడదని ఇంగ్లీషు పట్టుదల. తెలుగులో ఈ పట్టుదల లేదు. ‘ఎప్పటికో మరో నక్షత్రం పక్కనుంచి వెళ్తుంది’, ‘మరో నక్షత్రం పక్కనుంచి ఎప్పటికో వెళ్తుంది’ రెండూ చెల్లుతాయి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన విద్యార్థుల ఇంగ్లీషులో ఈ తప్పు తరచూ కనబడటానికి ఆ స్వేచ్ఛ ఒక కారణం.

సహాయక క్రియలు ఒకటికి మించి ఉన్నప్పుడు సీట్లూ పెరుగుతాయి. ‘ఎ శాటిలైట్ దట్ విల్ ప్రాబబ్లీ బి కేర్‌ఫుల్లీ టెస్టెడ్’ అన్నప్పుడు ‘ప్రాబబ్లీ’ ‘విల్’ పక్కన కూర్చుంది, ‘కేర్‌ఫుల్లీ’ ‘టెస్టెడ్’ పక్కన కూర్చుంది. వాటిని తారుమారు చేసి ‘విల్ కేర్‌ఫుల్లీ బి ప్రాబబ్లీ టెస్టెడ్’ అనలేం. పరీక్ష ఎలా చేస్తారన్నది పనికి సంబంధించిన సంగతి, అది పనిని సూచించే క్రియ దగ్గరే ఉంటుంది. చేస్తారా లేదా అన్నది చెప్పేవాడి అంచనా. అది కాస్త దూరంగా, క్లాజు మొత్తాన్నీ చూడగల చోట ఉంటుంది. తేదీలు, సంవత్సరాల వంటి నిర్దిష్ట కాలం మాత్రం చివరికి వెళ్తుంది: ‘ఎ కామెట్ దట్ విల్ రిటర్న్ ఇన్ 2061’.

ఇంతవరకూ ఏ వ్యాకరణ పుస్తకంలోనైనా దొరికేదే. ‘నాట్’ వచ్చి చేరినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

‘నాట్’ నీడ ఎంతవరకు?

అపోఫిస్ అనే గ్రహశకలాన్ని 2004లో కనుగొన్నారు. ఆ ఏడాది డిసెంబర్ చివర్లో, 2029లో అది భూమిని ఢీకొట్టే సంభావ్యత 2.7 శాతం దాకా వెళ్లింది. తర్వాతి పరిశీలనలు 2029 భయాన్ని త్వరలోనే తొలగించాయి. మరో వందేళ్ల వరకూ దానివల్ల ప్రమాదం లేదని 2021 నాటి రాడార్ కొలతలు తేల్చాయి. 2029 ఏప్రిల్ 13 శుక్రవారం నాడు అది భూ ఉపరితలానికి దాదాపు 32,000 కిలోమీటర్ల ఎత్తున దాటిపోతుంది. 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే భూస్థిర ఉపగ్రహాల కంటే అది దగ్గర.

దీని గురించి రెండు క్లాజులు రాసి చూడాలి. ఒకటి: ‘దట్ విల్ డెఫినెట్‌లీ నాట్ హిట్ ఎర్త్’. రెండోది: ‘దట్ విల్ నాట్ డెఫినెట్‌లీ హిట్ ఎర్త్’. మాటలు అవే, రెండు మాటలు చోట్లు మార్చుకున్నాయి, అంతే. మొదటిదాని అర్థం: ఢీకొట్టదు, అది ఖాయం. రెండోదాని అర్థం: ఢీకొడుతుందన్నది ఖాయం కాదు, అంటే ఢీకొట్టనూ వచ్చు. మొదటిది 2021 తర్వాతి అపోఫిస్, రెండోది 2004 డిసెంబర్ నాటి అపోఫిస్. పదిహేడేళ్ల పరిశీలన ఆ రెండు మాటల వరుసలో ఉంది.

‘నాట్’ తన నీడను కుడివైపుకు పరుస్తుంది. దాని తర్వాత వచ్చిన యాడ్‌వెర్బ్ ఆ నీడలో పడి తానూ నిరాకరణకు గురవుతుంది. ముందు వచ్చినది నీడకు బయట నిలబడి, నిరాకరణనే బలపరుస్తుంది. ‘ప్రాబబ్లీ’, ‘సర్టెన్‌లీ’ చెప్పేవాడి అంచనాలు. వాటికి ఈ నీడ సరిపడదు, అందుకే ‘విల్ ప్రాబబ్లీ నాట్’ అంటారు గానీ ‘విల్ నాట్ ప్రాబబ్లీ’ అని సాధారణంగా అనరు. ‘నెసెసరిలీ’, ‘ఆల్వేస్’, ‘కంప్లీట్లీ’ దీనికి భిన్నం. వాటికి నీడే ఇల్లు: ‘విల్ నాట్ నెసెసరిలీ’, ‘విల్ నాట్ కంప్లీట్లీ’.

‘విల్ నాట్’ రెండూ అతుక్కుని ‘వోంట్’ అయినప్పుడు మధ్యలో సీటు మిగలదు. అప్పుడు ‘ప్రాబబ్లీ’ ఒక అడుగు ముందుకు జరిగి ‘దట్ ప్రాబబ్లీ వోంట్ హిట్ ఎర్త్’ అవుతుంది. పరీక్షలో ‘దట్ వోంట్ ప్రాబబ్లీ’ అని రాసి మార్కు పోగొట్టుకునేవారు ‘విల్ తర్వాత యాడ్‌వెర్బ్’ అన్న సూత్రాన్ని మరీ బుద్ధిగా పాటించినవారే.

తెలుగులో తెగిపోయే తోక

రెండో భాష వ్యాకరణం అర్థం కావాలంటే మొదటి భాష ఏం చేస్తుందో చూడటం మంచి దారి. తెలుగులో మామూలు మాటల్లో సందేహం ఎక్కడ ఉంటుంది? వాక్యం చివర, క్రియకు తోకలా ఉంటుంది. వస్తుందేమో. రావచ్చు. వచ్చేలా ఉంది. పడకపోవచ్చు. ‘బహుశా’ అనే మాట ఉన్నా, ఇంట్లో దాన్ని వాడేవాళ్లు తక్కువ. మబ్బు పట్టినప్పుడు ‘వాన పడుతుందేమో, బట్టలు తీయి’ అంటారు గానీ ‘బహుశా వాన పడుతుంది’ అని అనరు.

మరి ఇదే క్రియను నామవాచకానికి విశేషణంగా మార్చాలి. ఇంగ్లీషులో రిలేటివ్ క్లాజ్ చేసే పనిని తెలుగులో ధాతుజ విశేషణం చేస్తుంది: వచ్చే తోకచుక్క, పడే వాన, ఢీకొట్టే రాయి. ఇలా మార్చిన మరుక్షణం క్రియ తోక తెగిపోతుంది. ‘వస్తుందేమో’లోని ‘ఏమో’కు ‘వచ్చే’ చివర చోటు లేదు. ‘రావచ్చు’ను నేరుగా తోకచుక్క ముందు నిలబెట్టలేం. దాంతో సందేహం రాలిపోయి ‘వచ్చే తోకచుక్క’ మాత్రమే మిగులుతుంది. ‘ఢీకొట్టనున్న గ్రహశకలం’ పుట్టేది ఇలాగే.

కాలం విషయంలోనూ ఈ విశేషణాలు పొదుపరులు. ‘వచ్చే’ అన్న రూపాన్ని తెలుగు వ్యాకరణం తద్ధర్మార్థకం అంటుంది, స్వభావాన్ని చెప్పేది అని. ‘ఏటా వచ్చే వరద’లో అది అలవాటు, ‘రేపు వచ్చే బంధువులు’లో అది భవిష్యత్తు. భవిష్యత్తే అని తేల్చి చెప్పాలంటే ‘రాబోయే’, ‘రానున్న’ అనాలి, అవి మళ్లీ మరీ నిశ్చయంగా వినిపిస్తాయి. వ్యతిరేక రూపానికైతే కాలమే లేదు. ‘రాని’ అంటే నిన్న రానిదా, ఎప్పుడూ రానిదా, రేపు రాబోనిదా? సందర్భమే చెప్పాలి.

వ్యతిరేక విశేషణం పక్కన యాడ్‌వెర్బ్ చేరితే ఇంగ్లీషులో రెండు వరుసలుగా విడిపోయిన అర్థాలు తెలుగులో ఒకే రూపంలో కలిసిపోతాయి. హిమాలయాల సంగతే తీసుకుందాం. హిమాలయ హిమానీనదాలు 2035 నాటికల్లా అంతరించిపోవచ్చని ఐపీసీసీ 2007 నివేదికలో ఒకచోట వచ్చింది. అది పొరపాటని 2010 జనవరిలో ఆ సంస్థే ఒప్పుకుంది. భూతాపం పెరుగుదలను 1.5 డిగ్రీలకు కట్టడి చేసినా, 2100 నాటికి హిందూకుష్ హిమాలయ ప్రాంతంలోని మంచులో మూడో వంతు పోతుందని 2019లో వచ్చిన ఇసిమోడ్ సమగ్ర నివేదిక అంచనా. అంటే ఇవి ‘గ్లేసియర్స్ దట్ విల్ నాట్ కంప్లీట్లీ డిసపియర్’. తెలుగులో ‘పూర్తిగా కరగని హిమానీనదాలు’ అని రాస్తే ఒక పాఠకుడికి కొంత మిగులుతుందని అర్థమవుతుంది. మరొకరికి అసలు కరగవనే అర్థం తట్టవచ్చు. మొదటి నివేదికలోని పొరపాటు ఒకవైపుకు పోతే, ఈ అనువాదం రెండోవైపుకు తీసుకెళ్లగలదు. ‘కొంత కరిగినా కొంత మిగిలే హిమానీనదాలు’ అంటే అందం తగ్గవచ్చు, అనుమానం మాత్రం ఉండదు.

మరి తెగిన తోకను అతికించడం ఎలా? ఒక ఉపాయం ‘అవకాశం ఉన్న’ అనడం: ‘భూమిని ఢీకొట్టే అవకాశం 3.1 శాతం ఉన్న గ్రహశకలం’. అంకె చేతిలో ఉంటే ఇది బాగా పనికొస్తుంది. అంకె లేకుండా ‘ఢీకొట్టే అవకాశం ఉన్న’ అని మాత్రమే అంటే 3 శాతానికీ 90 శాతానికీ తేడా ఉండదు. రెండో ఉపాయం క్లాజును విప్పేసి రెండు వాక్యాలు చేయడం: ‘కొత్తగా ఒక గ్రహశకలం కనబడింది. 2032లో అది భూమిని ఢీకొట్టకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది.’ ఇక్కడ క్రియకు తోక తిరిగి వచ్చింది. శీర్షికకు పొడవు ఎక్కువైందని డెస్కులో ఎవరైనా గొణగవచ్చు గానీ, ఈ రెండింటిలో నమ్మదగినది ఇదే.

ఆకాశవాణి వాతావరణ సూచన విని పెరిగినవారికి ‘రాగల 24 గంటల్లో’ అన్న మాట కొత్త కాదు. ఇందులో ‘గల’ను చూసి సందేహం అక్కడే ఉందనుకోకూడదు. 24 గంటలు ఎలాగూ వస్తాయి. సందేహమంతా వాక్యం చివరి ‘కురవవచ్చు’లోనే ఉంది.

సందేహం ఎవరి మీద?

హేలీ తోకచుక్క 1986లో వచ్చింది, మళ్లీ 2061 వేసవిలో సూర్యుడి దగ్గరికి వస్తుంది. దాని రాక కక్ష్య లెక్కతో తేలిన విషయం. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నవారికి అప్పటికి యాభై దాటుతాయి. వారిలో చాలామంది చూస్తారనుకోవచ్చు, ఖాయంగా చెప్పలేం. కాబట్టి ఇంగ్లీషులో సందేహం ప్రధాన వాక్యంలో ఉండాలి: ‘దే విల్ ప్రాబబ్లీ సీ ది కామెట్ దట్ విల్ రిటర్న్ ఇన్ 2061’. ‘దే విల్ సీ ది కామెట్ దట్ విల్ ప్రాబబ్లీ రిటర్న్ ఇన్ 2061’ అంటే సందేహం కక్ష్య మీద పడుతుంది, ఆయుష్షు మాత్రం గట్టిదైపోతుంది. భౌతికశాస్త్రానికి ఇది తలకిందులు.

తెలుగులో ‘బహుశా 2061లో తిరిగి వచ్చే తోకచుక్కను వాళ్లు చూస్తారు’ అని రాస్తే సందేహం రాక మీదో, చూపు మీదో చెప్పలేం. విశేషణం నామవాచకానికి ముందే రావడంతో, వాక్యం మొదట్లో పెట్టిన ‘బహుశా’కు రెండు క్రియలూ అందుబాటులో ఉంటాయి. ‘2061లో తిరిగి వచ్చే తోకచుక్కను వాళ్లు బహుశా చూస్తారు’ అని జరిపితే చాలు. ‘చూస్తారేమో’ అంటే ఇంకా సహజం, కాకపోతే అందులో సందేహం పాలు కాస్త పెరుగుతుంది.

‘సూన్’ విషయంలో ఇలాంటి చిక్కే మరింత విచిత్రంగా ఉంటుంది. మృగవ్యాధుడి భుజాన ఎర్రగా మెరిసే ఆర్ద్ర నక్షత్రాన్ని ఇంగ్లీషులో బెటెల్‌జూస్ అంటారు. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి దాకా అది బాగా మసకబారింది. పేలబోతోందా అన్న చర్చ సాగింది. నక్షత్రం వెలువరించిన పదార్థం ధూళిగా మారి వెలుగుకు అడ్డుపడటమే ప్రధాన కారణమని తర్వాత తేలింది. ఇలాంటి నక్షత్రం గురించి ‘ఎ స్టార్ దట్ విల్ సూన్ ఎక్స్‌ప్లోడ్’ అని ఖగోళ శాస్త్రవేత్త రాస్తే ఆ ‘సూన్’ లక్ష ఏళ్ల దాకా సాగవచ్చు. కోటి ఏళ్ల ఆయుష్షులో లక్ష ఏళ్లు ‘త్వరలో’నే. ‘త్వరలో పేలనున్న ఆర్ద్ర’ అని చదివిన తెలుగు పాఠకుడు మాత్రం ఈసారి ఆరుద్ర కార్తె నాటికేనా అని చూస్తాడు.

ఇక ఈ రెండు క్లాజులు చూడండి: ‘ఎ స్టార్ దట్ వి విల్ సూన్ సీ ఎక్స్‌ప్లోడ్’, ‘ఎ స్టార్ దట్ వి విల్ సీ ఎక్స్‌ప్లోడ్ సూన్’. మొదటిదాంట్లో ‘సూన్’ తప్పనిసరిగా చూడటానికి చెందుతుంది. రెండోదాంట్లో పేలడానికీ చెందవచ్చు. రోజువారీ విషయాల్లో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, పటాకీ పేలిన క్షణమే కనబడుతుంది. కానీ ఆర్ద్ర భూమికి సుమారు 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అది త్వరలో పేలితే ఇక్కడ కనబడేది కొన్ని వందల ఏళ్ల తర్వాత. ఇక్కడ త్వరలో కనబడితే, అది విజయనగర సామ్రాజ్యం వెలుగుతున్న కాలానికి అటూ ఇటూగా ఎప్పుడో పేలిపోయి ఉండాలి.

‘విల్’ లేని భవిష్యత్తు

భవిష్యత్తును చెప్పే ప్రతి రిలేటివ్ క్లాజులోనూ ‘విల్’ ఉండదు. ప్రధాన వాక్యంలో ‘విల్’ ఉంటే క్లాజులో మామూలు వర్తమాన రూపమే వాడటం ఇంగ్లీషు అలవాటు. టీకా ప్రయోగాల నిబంధనల వంటి పత్రాల్లో ఇలాంటివి ఎక్కువ. ‘వాలంటీర్స్ హూ డెవలప్ ఫీవర్ విల్ బి టెస్టెడ్’, జ్వరం వచ్చిన వలంటీర్లకు పరీక్ష చేస్తారు.

తెలుగు ఇక్కడ ఏం చేసిందో గమనించాలి. జ్వరం ఇంకా రాలేదు, అయినా ‘వచ్చిన’ అని భూతకాల విశేషణం వాడింది. ‘రేపు ముందు వచ్చినవారికి టోకెన్లు’ అన్నా అంతే. పరీక్ష సమయానికి జ్వరం వచ్చేసి ఉంటుంది కాబట్టి ‘వచ్చిన’ సరైనదే. ఇంగ్లీషు వర్తమానంలో, తెలుగు భూతకాలంలో చెబుతున్నది ఒకే భవిష్యత్తు. మాటకు మాట అనువదించే యంత్రాలు గానీ మనుషులు గానీ ఇక్కడ తడబడితే ఆశ్చర్యం లేదు.

ఈ వాక్యంలోకి ‘లేటర్’ను తీసుకొస్తే మూడు సీట్లు దొరుకుతాయి. ‘హూ లేటర్ డెవలప్ ఫీవర్ విల్ బి టెస్టెడ్’ అంటే టీకా తీసుకున్నాక ఎప్పుడో జ్వరం వచ్చినవారికి పరీక్ష. ‘హూ డెవలప్ ఫీవర్ విల్ లేటర్ బి టెస్టెడ్’ అంటే జ్వరం వచ్చినవారికి వెంటనే కాదు, తర్వాత పరీక్ష. మూడోది ‘హూ డెవలప్ ఫీవర్ లేటర్ విల్ బి టెస్టెడ్’. ఇక్కడ ‘లేటర్’ రెండు క్రియల మధ్య నిలబడి అటూ ఇటూ చూస్తుంది. ఎక్కువమంది దాన్ని జ్వరంతోనే కలిపి చదువుతారు. గబగబా చదివే నర్సు ఒకరు పరీక్షతో కలిపి చదివితే తప్పు ఆమెది అనలేం. మాటల్లో అయితే చిన్న విరామం ఈ గొడవ తీర్చేస్తుంది, కాగితం మీద విరామం వినిపించదు. మొదటి రెండు సీట్లలో ఒకటి ఎంచుకోవడమే రాసేవారి పని.

‘ఓన్లీ’ గురించి రెండు మాటలు చాలు. అది కూడా చోటు మారితే అర్థం మార్చే మాటే, పైగా సంభాషణల్లో అందరూ దాన్ని ‘విల్’ పక్కనే పడేస్తారు. 2034 మార్చి 20న రాబోయే సంపూర్ణ సూర్యగ్రహణం భారతదేశంలో ఉత్తర కొసన, కశ్మీర్, లదాఖ్ వైపు మాత్రమే సంపూర్ణం. దీన్ని రాతలో ‘విచ్ విల్ బి టోటల్ ఓన్లీ ఇన్ ది ఫార్ నార్త్’ అని, ‘ఓన్లీ’ని చోటు పేరుకు ఆనించి పెట్టడం మంచిది. ఈ ఒక్క విషయంలో తెలుగుదే పైచేయి. ‘మాత్రమే’ ఎప్పుడూ తన మాటకు అంటుకునే ఉంటుంది.

ఒక ‘లైక్లీ’, రెండు క్రియలు

ఈ చోట్ల లెక్క అన్నిటికన్నా ఎక్కువ పట్టింపుకు వచ్చేది తుఫాను సూచనలో. భారత వాతావరణ శాఖ తన బులెటిన్లలో మాటలకు అంకెలు కట్టి ఇస్తుంది. ‘లైక్లీ’ అంటే 25 నుంచి 50 శాతం, ‘వెరీ లైక్లీ’ అంటే 50 నుంచి 75, ‘మోస్ట్ లైక్లీ’ అంటే 75కు పైన. ఐపీసీసీ నివేదికల్లో ఇదే ‘లైక్లీ’ 66 శాతం నుంచి మొదలవుతుంది, ‘వెరీ లైక్లీ’ 90 నుంచి. ఒకే రోజు రెండు పత్రాలూ చదివే విద్యార్థి ఒకే మాటకు రెండు విలువలు పెట్టుకోవాలి. తెలుగు వార్తల్లో ఇవన్నీ సాధారణంగా ‘అవకాశం ఉంది’ అనే ఒక్క మాటలో కలిసిపోతాయి.

బంగాళాఖాతంలో వాయుగుండం ఉందనుకోండి. బులెటిన్‌లో ఇలాంటి క్లాజు వస్తుంది: ‘ఎ డిప్రెషన్ దట్ విల్ వెరీ లైక్లీ ఇంటెన్సిఫై అండ్ క్రాస్ ది కోస్ట్’. ‘విల్’ ఒక్కటే, దాని పక్కన ‘వెరీ లైక్లీ’ ఒక్కటే. ‘అండ్’తో కలిసిన రెండు క్రియలూ దాని కిందికే వస్తాయి: బలపడటం, తీరం దాటడం రెండూ కలిసి జరగడానికి 50 నుంచి 75 శాతం అవకాశం. ఇప్పుడు ఇంకో ‘విల్’ చేర్చి చూడండి: ‘దట్ విల్ వెరీ లైక్లీ ఇంటెన్సిఫై అండ్ విల్ క్రాస్ ది కోస్ట్’. రెండో ‘విల్’ గేటు మూసేసింది. బలపడటం అంచనాగానే ఉంది, తీరం దాటడం మాత్రం ఖాయమైపోయింది.

లెక్కగా చూస్తే తేడా ఇంకా స్పష్టం. ఉదాహరణకు బలపడే సంభావ్యత 60 శాతం, బలపడితే తీరం దాటే సంభావ్యత 80 శాతం అనుకుందాం. రెండూ జరిగే సంభావ్యత 0.6ను 0.8తో గుణిస్తే వచ్చే 48 శాతం. బలపడటం ఒక్కదానికి ‘వెరీ లైక్లీ’ సరిపోతుంది, రెండింటికీ కలిపి ‘లైక్లీ’ మాత్రమే అనాలి. అందువల్ల యాడ్‌వెర్బ్ ఒక క్రియకా, రెండింటికా అన్నది బులెటిన్ రాసేవారు తేల్చుకున్నాకే సరైన మాట ఎంచుకోగలరు.

తెలుగు అనువాదంలో ఈ తేడాను నిలబెట్టడానికి కావలసిన పనిముట్లు సిద్ధంగానే ఉన్నాయి. ‘బలపడి తీరం దాటే అవకాశం ఉంది’ అన్నప్పుడు చివరి ‘అవకాశం’ ముందున్న రెండు క్రియలనూ కలిపేసుకుంటుంది. ‘బలపడే అవకాశం ఉంది, తీరం దాటుతుంది’ అన్నప్పుడు విడదీస్తుంది. మచిలీపట్నం నుంచి కళింగపట్నం దాకా రేవుల్లో పడవలున్నవారు ఈ వాక్యం విని తేల్చుకోవలసినవి రెండు: ఇవాళ వేటకు వెళ్లాలా వద్దా, పడవను ఎంత పైకి లాగి కట్టాలి. మొదటిదానికి బలపడే సంగతి చాలు, రెండోదానికి తీరం సంగతి కావాలి. కాబట్టి 60, 80 లెక్క ముందున్న అనువాదకుడు రాయదగిన వాక్యం బహుశా ఇది: ‘వాయుగుండం బలపడటానికే ఎక్కువ అవకాశం ఉంది. బలపడితే తీరం దాటే అవకాశం చాలా ఎక్కువ. బలపడి తీరం కూడా దాటుతుందా అంటే మాత్రం, సగానికి సగం అవకాశం.’